ప్రాసెసర్‌కి పెళ్లిచూపులు

బాబాయిగారు చనిపోయారని మా ఊరి ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి, దాని మరలన్నీ టీ సాసర్లో పోసుకుని కూర్చున్నాను. నాకో చెడ్డ అలవాటుంది. పెళ్లి కబురు విన్నా, చావు కబురు విన్నా ముందుగా నోట్లోకి ఎగతాళే వస్తుంది. మా మేనమామ పోయినప్పుడు పాడె మోస్తూ కూడా ఏదో అనేసి, మోసేవాళ్లని నవ్వించి, అత్తయ్య చేత తిట్లు తిన్నవాణ్ని. ఈసారీ నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

"వింటున్నావా బ్రదరూ?" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఆఁ."

చెవులు మాత్రం వేడెక్కాయి. ఆయన గుర్తొస్తే నాకు ముందు చెవులు కాలతాయి. ఏడుపు తర్వాతి సంగతి.

ఆయన మాలో ఎవరికీ బాబాయి కాదు. పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బాబాయిగారే. ఆయన చేసే పనికి పేరు లేదు. మావైపు ఎవరూ ఒంటరిగా ఏదీ కొనరు. గేదె కొన్నా, ఆయిల్ ఇంజను కొన్నా, టీవీ కొన్నా పక్కన ఓ మనిషి నిలబడాలి. ఆ మనిషికి ఆ వస్తువు గురించి తెలిసుండాలని రూలేమీ లేదు. చెయ్యి మంచిదైతే చాలు. ఆయన వెంట వచ్చి కొన్న గేదె తన్నదని, ఆయన తట్టిన ఇంజను మొరాయించదని జనం నమ్మకం. అందుకని ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని సంతకీ షాపుకీ తీసుకెళ్లేవాళ్లు. పుచ్చుకునేది అరకప్పు టీ. అంతకుమించి ఎవరైనా ఇవ్వబోతే, "వద్దండి, తర్వాత మీ గేదె పాలు తగ్గిస్తే ఆ పాపం కూడా నేనే పుచ్చుకోవాలి" అనేవారు.

గేదెల దగ్గర మొదలైన మనిషి కాలంతో పాటు నడుస్తూ నా కంప్యూటర్ల షాపు దాకా వచ్చేశారు.

మెట్టు దగ్గరే చెప్పులు విప్పేవారు. "ఫర్వాలేదు రండి బాబాయిగారూ, ఇదేం గుడి కాదు" అంటే, "మీకు కాదండి. డబ్బులు పట్టుకొచ్చినాయనకి గుడే" అని విప్పిన చెప్పుల్ని గోడవైపు తిప్పి పెట్టేవారు. లోపలికొచ్చాక కంప్యూటర్ ముందువైపు చూడరు. అందరూ తెర వంక చూస్తుంటే ఆయన పెట్టె వెనక్కి వెళ్లి, గాలొచ్చే చోట కుడి అరచేతి వెనకవైపు ఆనించి, కళ్లు మూసుకునేవారు. పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టుండేది. తర్వాత పెట్టెకి చెవి ఆనించి వినేవారు. ఆ పైన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే:

"వీళ్లింట్లో ఇమిడిపోతాడా అండి ఇతను?"

ధర అడగరు. జీబీలు అడగరు. ఇమిడిపోతాడా, అంతే. వస్తువుల్ని కూడా ఆయన మనుషుల్లాగే పిలిచేవారు. నేను వెనకాల ఆయన్ని అనుకరించి చూపిస్తే షాపులో కుర్రాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు. ఓసారి చూసేశారు కూడా. "బావుందండి. కానీ నేను ఎడం కన్ను ముందు మూస్తాను" అని సరిదిద్ది వెళ్లారు.

ఆయనతో నాకొక్కటే బాధ. నన్ను ఇంజనీరుగారూ అనేవారు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. రాజమండ్రిలో ఓ రేడియో రిపేరు షాపులో తుడవడం నేర్చుకుని, విప్పడం నేర్చుకుని, ఆఖర్న బిగించడం నేర్చుకున్నాను. తెలుగు బాగానే చదువుతాను. ఇంగ్లీషు దగ్గర మాత్రం, పెట్టెల మీద మాటల్ని మనుషుల ముఖాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాణ్ని. ర్యామ్ ముఖం తెలుసు, హార్డ్‌డిస్క్ ముఖం తెలుసు. అవే నాలుగు కలిసి వాక్యంలా ఎదురొస్తే మాత్రం పక్కసందులోకి తప్పుకునేవాణ్ని. ఊళ్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు. తెలియకుండా ఉండడానికే అన్ని జోకులు వేసేవాణ్ని. నవ్వేవాడు ప్రశ్న వెయ్యడు కదా.

అలాంటివాణ్ని పట్టుకుని ఈయన, నా కంటే నలభై ఏళ్లు పెద్దవాడు, నలుగురిలోనూ చేతులు కట్టుకుని, "ఇంజనీరుగారు ఏమంటే అదేనండి" అనేవారు. నిజం ఇంజనీర్లు ఆ పిలుపు వింటే ఏమవుతానోనని గుమ్మం వైపు చూసుకునేవాణ్ని.

ఆయన మాట కోసం జనం ఎందుకంత పడిచస్తారో, ఆ మాట తప్పైతే ఆయనకి ఏం మిగులుతుందో, నాకు తెలిసింది ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ విషయంలోనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అప్పటిదాకా పెళ్లి వీడియో తీస్తే మిక్సింగ్‌కి విజయవాడ పంపేవాళ్లు. క్యాసెట్ వెళ్లి రావడానికి, అక్కడివాళ్లు పూలవాన కురిపించడానికి, పెళ్లికూతురికి సీమంతం వచ్చేసేది. మా ఫొటోగ్రాఫర్ సొంతంగా కంప్యూటర్ పెట్టుకుని మిక్సింగ్ ఇక్కడే చేస్తానన్నాడు. భార్య గొలుసు బ్యాంకులో పెట్టి వచ్చాడు. వచ్చేటప్పుడు వెంట బాబాయిగార్ని తెచ్చుకున్నాడు.

అప్పుడు నా దగ్గర రెండు ప్రాసెసర్లున్నాయి. వేరే వేరే కంపెనీలవి. రెండూ చెరో క్యాబినెట్‌లో బిగించి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి ఖరీదైనది, పేరున్నది. రెండోది చవక, పేరు అప్పుడప్పుడే వినపడుతోంది. ధరలో తేడా ఓ మంచి సైకిలు వచ్చేంత. నేను వాటికి పెద్దల్లుడు, చిన్నల్లుడు అని పేర్లు పెట్టాను.

"చూడండి బాబాయిగారూ. పెద్దల్లుడికి మర్యాదలెక్కువ. చిన్నల్లుడు చాపేస్తే చాప మీద కూర్చుంటాడు. పెళ్లిచూపులు కానివ్వండి."

"పిల్లతరపువాళ్లకి ఏం కావాలో ముందు చెప్పండి," అన్నారాయన ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి.

ఫొటోగ్రాఫర్‌కి మూడు కావాలి. సీజన్‌లో పెళ్లి వీడియోలు. సీజన్ లేనప్పుడు సాయంత్రాలు కాలేజీ కుర్రాళ్లకి గేములు అద్దెకి. భార్యకేమో శుభలేఖలు కంపోజ్ చెయ్యడానికి.

ముందు కార్ల పందెం ఆట పెట్టాను. చిన్నల్లుడు దూసుకుపోయాడు. మలుపుల్లో పెద్దల్లుడి బొమ్మ కాస్త తడబడింది, వీడిది తడబడలేదు. ఫొటోగ్రాఫర్ కుర్చీలో కూర్చునే అటూ ఇటూ వాలిపోతూ రెండు పందేలు ఆడి, "ఇదే, ఇదే" అన్నాడు.

"ఆగండి. మీరు ఆడుకోడానికే కొంటున్నారా?" అన్నారు బాబాయిగారు.

శుభలేఖ దగ్గర తేడా ఏమీ లేదు. మనం అక్షరం కొట్టి మరో అక్షరం వెతుక్కునే లోపు ఇద్దరల్లుళ్లూ ఆవులిస్తున్నారు. ఇక అసలు పని. ఒకే పెళ్లి వీడియోలోని జీలకర్రా బెల్లం ముక్క రెండింటికీ ఇచ్చి, సీడీకి తగ్గట్టు మార్చమన్నాను. దీన్ని రెండరింగ్ అంటారు. ఒకసారి మొదలుపెడితే కంప్యూటర్ గంటల తరబడి ఊపిరి బిగపట్టి పనిచెయ్యాలి. ఇక్కడ పెద్దల్లుడు ముందు పూర్తి చేశాడు. మరీ ఎక్కువ తేడా కాదు, టీ ఊదుకుని తాగేంత.

అప్పుడు ఫొటోగ్రాఫర్ జేబులోంచి కాగితాలు తీశాడు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించాడట. ఆ రెండు ప్రాసెసర్లనీ ఎవరో పక్కపక్కన పెట్టి పరీక్షించి, ఆటకి ఏది, పనికి ఏది, డబ్బుకి ఏది అని రాసిన ఇంగ్లీషు వ్యాసం.

"నాకు సగం అర్థమైంది, సగం కాలేదు బాబాయిగారూ. మీరోసారి చూడండి," అని మర్యాదకి ముందు ఆయన చేతికిచ్చాడు.

బాబాయిగారికి దగ్గొచ్చింది. దగ్గుతూనే ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు. "ఇంజనీరుగారు చూస్తారు."

చూశాను. ర్యామ్ కనిపించింది, పలకరించాను. మిగతావాళ్లెవరూ నాకు తెలీదు. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ నా మొహం వంకే. నేను కాగితాలు అటు తిప్పి ఇటు తిప్పి, గట్టిగా నిట్టూర్చాను.

"ఇది రాసినాయనకి మన పాలకొల్లు కరెంటు సంగతి తెలుసా అండి? ఆయన ఏసీ గదిలో స్వెట్టరేసుకుని రాశాడు. అక్కడి అల్లుళ్లు వేరు, ఇక్కడి అల్లుళ్లు వేరు."

అందరూ నవ్వారు. బాబాయిగారు నవ్వలేదు గానీ, నా చేతిలోంచి కాగితాలు తీసుకుని జాగ్రత్తగా మడిచి ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చేశారు. "మరేనండి. పెట్టె కాగితాలతో పాటు దాచండి. మనం మనిషిని చూద్దాం."

లేచి రెండు పెట్టెల వెనక్కీ వెళ్లారు. పెద్దల్లుడి దగ్గర చెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. చిన్నల్లుడి దగ్గర పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. బాగా కాలుతోంది.

"ఇతనండి," అన్నారు. "చూడండి, ఒళ్లు ఎలా వేడెక్కిందో. పనిచేసే ఒళ్లు వేడెక్కుతుంది. ఆయనేమో పంఖా కింద కూర్చున్న మనిషిలా ఉన్నాడు."

ఆయిల్ ఇంజన్లు చూసి చూసి ఆయనకి స్థిరపడిన నమ్మకం అది. చేలో ఇంజను వేడెక్కకపోతే నీళ్లు లాగడం లేదని అర్థం. నాకూ అది నిజమే అనిపించింది. ఆ చిన్నల్లుణ్ని నేను అప్పటిదాకా ఆఫీసులకే బిగించాను. మార్గశిరం, తలమీద ఫ్యాను, అరగంట పరీక్ష. ఎండాకాలం ఎవరికి గుర్తుంటుంది?

సైకిలు వచ్చేంత డబ్బు మిగిలింది. ఫొటోగ్రాఫర్ పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, రిక్షాలో తీసుకెళ్లాడు. బాబాయిగారు పక్కన నడిచారు, పెట్టె మీద చెయ్యేసి.

వైశాఖంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ ఉన్నది స్టూడియో పైన, సిమెంటు రేకుల గదిలో. దుమ్ము పడుతుందని కిటికీ మూసేవాడు. భార్య ముచ్చటపడి పెట్టెకి కుచ్చులున్న గుడ్డ తొడుగు కుట్టింది. మధ్యాహ్నం రెండరింగ్ పెట్టి భోజనానికి వెళ్లి వస్తే తెర గడ్డకట్టుకుపోయి ఉండేది. తాళి కట్టబోతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉండేది. ఆపి, చల్లార్చి, మళ్లీ మొదట్నుంచీ పెట్టాలి.

నేను వెళ్లి తొడుగు తీశాను. ప్రాసెసర్ నెత్తిన ఉండే చిన్న ఫ్యాను తుడిచాను. దాని కింద వేడి లాగే పేస్టు కొత్తగా రాశాను. మర్నాడు తెర మళ్లీ గడ్డకట్టింది. బాబాయిగారు కబురు విని సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. ముగ్గురం ఆ గదిలో చెమటలు కారుతూ నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్ భార్య పెట్టె కాగితాలున్న కవరు తెచ్చి వెతికి, ఆ ప్రింటు తీసింది. ఆవిడ డిగ్రీ చదివింది. కొన్నరోజున పుట్టింట్లో ఉంది.

రెండో పేజీ చివర వేలు పెట్టి చదివింది. చదివి, తెలుగులో చెప్పింది. చవకదానికి వేడెక్కువ. వేడి ప్రదేశాల్లో, గంటల తరబడి ఆపకుండా పనిచేయించేవాళ్లు పెద్ద ఫ్యానూ గాలాడే చోటూ చూసుకోవాలి. అది కుదరదనుకుంటే ఖరీదైనదే తీసుకోవాలి. అది వేడెక్కినా నడక తగ్గించుకుని నెట్టుకొస్తుంది.

"ఇది ముందే ఉంది కదా అన్నయ్యగారూ," అంది నాతో. ఆవిడ గొంతులో కోపం ఏమాత్రం లేదు. "మీరు చదవలేదా?"

నోరు తెరిచాను. అంతవరకూ ఎప్పుడూ మోసం చెయ్యని నా నోరు ఆ రోజు ఖాళీగా ఉంది. ఫొటోగ్రాఫర్ నా వంక చూసి, అర్థమై, గబుక్కున తల తిప్పుకున్నాడు. తిట్టినా బావుండేది.

బాబాయిగారు దగ్గారు. చాలాసేపు దగ్గి, "నేనే అన్నానమ్మా, కాగితం పక్కన పెట్టమని," అన్నారు. "ఏదీ, అది ఇంకోసారి చదువు."

పెద్ద ఫ్యాను మద్రాసు నుంచి తెప్పించాలి. ఆర్డరు పెట్టాను, లారీ పార్శిల్ ఎప్పుడొస్తే అప్పుడు. ఈలోగా ముంచుకొచ్చింది ఏంటంటే, చేతిలో ఉన్న పెళ్లి వీడియో పదహార్రోజుల పండక్కి ఇస్తానని ఫొటోగ్రాఫర్ మాటిచ్చాడు. ఆ రోజు బంధువులందరి ముందూ టీవీలో వేస్తారు. విజయవాడ పంపకుండా ఇక్కడే చేసిన మొదటి పెళ్లి. అది బావుంటే సీజనంతా వాడిదే. పోతే గొలుసు బ్యాంకులోనే ఉండిపోతుంది. "బాబాయిగారు చూసిన పెట్టె, ఢోకా లేదండి" అని పెళ్లివారికి వాడు ముందే చెప్పుకున్నాడు. అంటే పోయేది ఒక్కడి మాట కాదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి క్యాబినెట్ పక్క రేకు విప్పేసి ఉంది. దాని ముందు స్టూలు మీద ఓ టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. స్టూలు పక్కన బాబాయిగారు కింద కూర్చుని, ఒకచేత్తో ఫ్యాను ఊగకుండా పట్టుకున్నారు. అది ఆయనింటిది. సైకిలు వెనక తాడేసి కట్టుకొచ్చారు.

"మరి ఇంట్లో పిన్నిగారికండి?"

"విసనకర్ర ఉందండి."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆ గదిలో కూర్చోవడమంటే ఆవిరి కుడుములా ఉడకడం. చిన్నల్లుడు నడుస్తున్నాడు.

"ఇంజనీరుగారూ," అన్నారు ఫ్యాను వంకే చూస్తూ.

"అలా పిలవకండి బాబాయిగారూ. ఎనిమిది కూడా పూర్తికాలేదు నాది."

"తెలుసండి. కాగితం చేతిలో పెట్టగానే తెలిసింది." ఖాళీ చేత్తో చెమట తుడుచుకున్నారు. "ఎవరైనా కాగితమిస్తే మీరు నవ్విస్తారు. నేను దగ్గుతాను."

నాకు అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది. ఊళ్లో ఇన్ని వస్తువులు చూసిపెట్టిన మనిషికి, టీవీ కొన్నా ఇంజను కొన్నా అందరూ ముందు కాగితం చేతికిచ్చే మనిషికి, అక్షరం రాదు. సంతకం చేసేచోట మాత్రం ఓ బొమ్మలాంటిది గీసేవారట. ఇద్దరిలో ఒకరైనా చదువుతారని ఫొటోగ్రాఫర్ తెచ్చిన ఆ కాగితం ఆయనకీ నాకూ మధ్య అటూ ఇటూ తిరిగి, ఎవరి దగ్గరా ఆగకుండా వెళ్లిపోయింది.

"మరి నన్ను గారూ గారూ అని ఎందుకన్నారండి, తెలిశాక కూడా?"

"తెలియనప్పుడు అని, తెలిశాక మానేస్తే బాగోదు కదండీ," అన్నారు. ఫ్యాను అటు జరిగింది, పట్టుకుని సర్దారు.

పదహార్రోజుల పండగ నాడు పెళ్లికూతురి ఇంటి ముందు పందిరి వేసి, టీవీ ఎత్తుబల్ల మీద పెట్టారు. పనంతా పూర్తికాలేదు. కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఆ టేబుల్ ఫ్యానూ తిరగలేదు, చిన్నల్లుడూ నడవలేదు. తలంబ్రాల దాకా వచ్చింది. అక్కడిదాకానే సీడీలో ఎక్కించి తెచ్చాడు ఫొటోగ్రాఫర్. మొదట అందరూ ముచ్చటగా చూశారు. పూలవాన కురిసింది, పెళ్లికొడుకు గుండె ఆకారంలో తేలివచ్చాడు, పిల్లలు కేకలు. తలంబ్రాలు అయ్యాయి. నీలం తెర వచ్చింది.

"అప్పగింతలేవయ్యా?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

ఫొటోగ్రాఫర్ ఏదో గొణిగాడు.

"మా ఆవిడ ఊరంతా వినేలా ఏడ్చింది. ఆ ఏడుపేదీ?"

ఎవరో వెనకనుంచి, "అప్పగించకుండానే కాపరానికి వెళ్లిపోయిందండి పిల్ల!" అన్నారు. పందిరంతా నవ్వు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాట నేనే అనేవాణ్ని. ఆ రోజు చేతిలో బూరెల పళ్లెంతో స్తంభం వెనక నిలబడి ఉన్నాను. ఆ నవ్వు ఎలా ఉంటుందో అవతలివైపు నుంచి మొదటిసారి విన్నాను.

బాబాయిగారు లేచారు. జనం మధ్యలోంచి నడుచుకుంటూ పెళ్లికూతురి తండ్రి ముందుకెళ్లి, రెండు చేతులూ జోడించారు.

"కుర్రాడి తప్పు లేదండి. పెట్టె చూసిపెట్టింది నేను. వేడి చూసి మంచిదనుకున్నాను. పొరపాటు నాది."

నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి నోట పొరపాటు అన్న మాట అప్పటిదాకా ఎవరూ వినలేదు. పెళ్లికూతురి తండ్రే సిగ్గుపడి, "అయ్యో, ఎంత మాటండి, కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. ఆయన కూర్చోలేదు. నా వైపు కూడా చూడలేదు. చూస్తే జనం కూడా చూస్తారని ఆయనకి తెలుసు. బూరె నా నోట్లో సగం ఉంది. మింగలేను, ఉమ్మలేను.

మద్రాసు ఫ్యాను వచ్చింది. అప్పగింతలూ పూర్తయ్యాయి. ఫొటోగ్రాఫర్ నిలదొక్కుకున్నాడు. చిన్నల్లుడు ఆ తర్వాత చాలా పెళ్లిళ్లు చేశాడు, ఆటల్లో కుర్రాళ్లకి కూడా నచ్చాడు. ఆ రేకుల గదిలోంచి టేబుల్ ఫ్యాను మాత్రం ఎంత బతిమాలినా ఆయన వెనక్కి తీసుకెళ్లలేదు. "ఇతని కోసం తెచ్చింది కదండీ" అనేవారు.

ఎవరితోనూ ఏదీ చూడ్డానికి వెళ్లడం మానేశారు. పిలవడానికి వచ్చినవాళ్లతో, "చెయ్యి బాగోలేదండి, వేరేవాళ్లని చూసుకోండి" అనేవారు. మొదట బతిమాలారు. తర్వాత పిలవడం తగ్గింది. టీ కొట్టు దగ్గర, "బాబాయిగారి చెయ్యి వేడి చేసిందట కదా" అని ఎవరో అంటుంటే విన్నాను. ఆ మాట అన్నవాడు అచ్చం నా గొంతుతోనే అన్నట్టు అనిపించింది.

ఎండలు తగ్గాక ఓ పొద్దున ఆయనింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని, పనేమీ లేక, సైకిలు గొలుసుకి నూనె రాసుకుంటున్నారు.

"షాపుకి ఇన్వర్టర్ కొనాలండి. రాజమండ్రి వెళ్తున్నాను. మీరు రావాలి."

"నా మాట మీద ఇంకా కొనేవాళ్లున్నారా అండి?"

"మాట వద్దులెండి. పక్కన నిలబడండి. ఒక్కణ్నీ వెళ్తే వాళ్లు నన్ను అమ్మేస్తారు."

కొంచెం నవ్వారు. లోపలికెళ్లి ఉతికిన చొక్కా వేసుకొచ్చారు.

రాజమండ్రిలో అది పెద్ద షాపు. అద్దాల తలుపులు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతుంటే కాపలా అతను వద్దన్నాడు. ఆయన వినలేదు. కౌంటర్లో టై కట్టుకున్న కుర్రాడు మా ముందు రెండు ఇన్వర్టర్లు చూపించి, రెండింటి తాలూకు రంగు కాగితాలూ పరిచాడు. "డీటెయిల్స్ అన్నీ ఇందులో ఉన్నాయి సర్, చూసుకోండి."

బాబాయిగారు ఆ కాగితాల మీద చెయ్యి పెట్టి, కుర్రాడి వైపు జరిపారు.

"నాకు చదువు రాదండి బాబూ," అన్నారు. అంత పెద్ద షాపులో, పక్క కౌంటర్లవాళ్లు తలెత్తి చూసేంత స్పష్టంగా. "ఇందులో ఏముందో చదివి చెప్పండి. చెప్పాక మాట్లాడుకుందాం."

ఆయన వయసుకి, ఆయన పేరుకి, ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కుర్రాడికి తెలీదు. తేలిగ్గా నవ్వి నా వైపు తిరిగాడు.

"మీరు చదివి చెప్పండి సర్ వీరికి."

నాకప్పుడు పాతికేళ్లు. ఆయన అనగలిగింది నేనూ అనొచ్చు. "నాకూ రాదు" అనడానికి అరక్షణం చాలు. నోట్లోకి వచ్చేసింది కూడా. కానీ నోరు దాని పాత పని అది చేసేసింది.

"కళ్లజోడు మర్చిపోయానండి," అన్నాను, నవ్వుతూ. నాకు కళ్లజోడు లేదు.

బాబాయిగారు నా వైపు చూడను కూడా చూడలేదు.

"అవునండి, దారంతా చెప్తూనే ఉన్నారు, కళ్లజోడు కళ్లజోడని," అన్నారు ఆ కుర్రాడితో. "మీరే చెప్పండి బాబూ."

కుర్రాడు చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, గ్యారంటీ ఎన్నాళ్లు, వేడిగా ఉన్నచోట పెడితే ఏమవుతుంది. నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. అద్దాల బయట రోడ్డు మీద బస్సు దగ్గర జనం తోసుకుంటుంటే అది చూస్తూ నిలబడ్డాను. బాబాయిగారు మాత్రం కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి, ప్రతి మాటా వింటున్నారు.

కుర్రాడు ముగించి, "ఓకేనా సర్?" అన్నాడు.

ఆయన కళ్లు తెరిచి నా మొహం చూశారు. నేనేమీ వినలేదని ఆయనకి తెలిసిపోయింది.

"ఏమనుకోకండి బాబూ, నాకు బుర్రకి ఎక్కలేదు," అన్నారు. "ఇంకోసారి చెప్పండి. కాస్త నెమ్మదిగా."